ముంజేతి మీద కనకదుర్గ

చోడవరం,
విశాఖపట్నం జిల్లా.
(జిల్లా మారిందంటున్నారు. నేను మారలేదు.)
జూన్ 9.

స్వర్ణతోరణం నగల దుకాణం వారి విశాఖపట్నం పెద్దాఫీసులో ఫ్యాను కింద కూర్చున్న మేనేజరు గారికి,

చోడవరం నుంచి బంగార్రాజు నమస్కారం. నమస్కారం మర్యాదకి పెట్టాను, ఉత్తరం మాత్రం కోపంతో రాస్తున్నాను. రెండూ కలిపి చదువుకోకండి.

నేను చెరకు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా ముప్పై ఆరేళ్ళు చేసి రిటైరైనవాణ్ణి. బండిని చూసి బరువు చెప్పగలను, మనిషిని చూసి బుద్ధి చెప్పగలను. మొన్న శుక్రవారం మా ఆవిడ అచ్చియ్యమ్మని వెంటబెట్టుకుని, మా మెయిన్ రోడ్డులో మీరు కొత్తగా తెరిచిన కొట్టుకి వెళ్ళాను. గాజుల కౌంటరులో సూర్యతేజ అనే కుర్రాడున్నాడు. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచాడు. కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లగా, పొలుసులు పొలుసులుగా ఒక ఆకారం. నాలుగో ఆరో కాళ్ళు, రెండు మీసాలు.

"ఇదేట్రా బాబూ?" అన్నాను.

"డ్రాగనండి. టాటూ" అన్నాడు, అదేదో సర్టిఫికెట్టు అన్నట్టు.

కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాను. అది రొయ్య. డెబ్బై ఒక్క ఏళ్ళొచ్చాయి నాకు. రొయ్యని కూరలో వేసుకున్నవాళ్ళని చూశాను గానీ చేతి మీద ఎక్కించుకున్నవాణ్ణి మీ కొట్లోనే చూశాను. ఆ రొయ్య పక్కన గాజు పెట్టి "చూడండి మేడం" అంటే మా ఆవిడ ఏది చూడాలి? ఆవిడకి జాలెక్కువ. "నొప్పెట్టీసిందా నాయనా?" అని వాడితో కబుర్లలో పడింది. నేనే లాక్కుని వచ్చేశాను.

మీకు ఫోను చేస్తే ఎవరో అమ్మాయి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటోంది. ఎవరి పీకా నొక్కే ఓపిక లేక ఉత్తరం రాస్తున్నాను. కనపడే చేతుల మీద బొమ్మలున్నవాళ్ళని కౌంటరులో నిలబెట్టకూడదని రూలు పెట్టండి. ఒక్కరికి కాదు, అందరికీ. మినహాయింపులు వద్దు. మినహాయింపులిచ్చేవాళ్ళకి అసలు రూలెందుకు?

జవాబు కోసం రోజూ పోస్టుమాన్‌ని నిలదీసే,
బంగార్రాజు.

తా.క. మా మనవరాలు కీర్తి మీ చోడవరం కొట్లోనే సేల్స్ గర్ల్ ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టింది. డిగ్రీ పాసైంది. చేతి మీద దేవుడు తప్ప ఇంకేమీ లేని పిల్ల.

•

విశాఖపట్నం,
జూన్ 20.

గౌరవనీయ వినియోగదారులు శ్రీ బంగార్రాజు గారికి,

స్వర్ణతోరణం మానవ వనరుల అధికారి షర్మిల నమస్కరించి వ్రాయునది. మీ లేఖ అందినది. నేను ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగాను. తెలుగు మాట్లాడటం ఇంట్లో నేర్చుకున్నాను, వ్రాయటం ఈ ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. కావున తప్పులుంటే మన్నించగలరు.

మీ ఫిర్యాదును యాజమాన్యం ఎంతో శ్రద్ధగా పరిశీలించినది. ఫలితంగా మా సిబ్బంది నియమావళిలో 14వ నియమం చేర్చబడినది: "కస్టమర్ల ఎదుట నిలబడే ఏ ఉద్యోగికీ మోచేతి దిగువన కనపడే టాటూ ఉండరాదు. మినహాయింపులు లేవు." చివరి వాక్యం మీ లేఖ నుండి తీసుకున్నదే. అంతకంటే బాగా మేము వ్రాయలేకపోయాము.

సూర్యతేజను గాజుల కౌంటరు నుండి తప్పించి, వెనుక గదిలో అట్టపెట్టెలు మడిచే పనికి మార్చాము. మీ లేఖను సిబ్బంది శిక్షణ తరగతిలో చదివి వినిపించాము. రొయ్య దగ్గర అందరూ నవ్వారు. సూర్యతేజ నవ్వలేదు.

మీ వంటి కస్టమర్లే మాకు దారి దీపాలని నమ్ముతూ,
షర్మిల.

తా.క. కుమారి కీర్తిని ఇంటర్వ్యూకు పిలుస్తున్నాము. మీ పెంపకం అని చెప్పగానే మా వాళ్ళు కొంచెం సర్దుకుని కూర్చున్నారు.

•

చోడవరం,
జూలై 4.

షర్మిల గారికి,

బంగార్రాజు రాస్తున్నాడు. ఈసారి నమస్కారం కూడా కోపంగానే పెడుతున్నాను.

మా కీర్తి ఇంటర్వ్యూలో మొదటి స్థానంలో వచ్చిందట. లెక్కలడిగితే చెప్పిందట, తరుగు అడిగితే చెప్పిందట, హిందీ కూడా మాట్లాడిందట. అంతా అయ్యాక చేతులు చూపించమన్నారు. కుడి మణికట్టు మీద పేరు చూసి, "రూలు 14" అని ఇంటికి పంపేశారు. నేను పెట్టించిన రూలు తెచ్చి నా మనవరాలి మీదే పెడతారా?

మీకు సంగతి తెలియాలి. కీర్తి వాళ్ళ అమ్మా నాన్నా దేవరాపల్లిలో వ్యవసాయం చేసుకుంటారు. పిల్ల మా దగ్గరే పెరిగింది. ఈ ఊళ్ళో ఆడపిల్ల నీడపట్టున నిలబడి చేసుకునే ఉద్యోగాలు ఎన్నున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మీ కొట్లో రాకపోతే వచ్చే నెల హైదరాబాదు హాస్టలుకి పోతానంటోంది. మూడు రోజుల నుంచి మా ఆవిడ కంచం ముందు కూర్చుంటోంది, లేస్తోంది. తినడం లేదు. నేను తింటున్నాను, కానీ రుచి లేదు.

ఇప్పుడు అసలు విషయం. కీర్తి చేతి మీదున్నది టాటూ కాదు. పచ్చబొట్టు. టాటూ అంటే ఏసీ గదిలో కుర్చీలో పడుకోబెట్టి, పాటలు పెట్టి, మిషనుతో గీకేది. మా ఊళ్ళో అలా కాదు. మా దేముడమ్మ పొడుస్తుంది. మార్కెట్టు వెనకాల ఉంటుంది. ఎనభై దాటాయి, ఇప్పటికీ చెయ్యి వణకదు. బుచ్చయ్యపేట, మాడుగుల, దేవరాపల్లి, ఈ చుట్టుపక్కల ఆవిడ పొడవని ఇల్లు లేదు. నన్ను పొడిచింది. మా ఆవిడని పొడిచింది. కదలకుండా నలుగురు పట్టుకుంటే పొడిచేది. పిల్లలు గుక్కపెట్టి ఏడ్చినా వదిలేది కాదు. రక్తం చిమ్మితే పసుపు అద్ది, తవ్వెడు బియ్యం పుచ్చుకుని పక్కింటికి వెళ్ళి వాళ్ళని పొడిచేది. అదీ మనిషంటే.

పోయిన శ్రావణంలో మా కీర్తిని మా అరుగు మీదే కూర్చోబెట్టి పొడిచింది. నేనే దగ్గరుండి పొడిపించాను. పొడిచినంతసేపూ దేముడమ్మ ఒకటే నవ్వు. వయసు మీద పడింది కదా, పాపం.

కాబట్టి మా పిల్లకి ఉద్యోగం ఇవ్వండి.

రూలు పెట్టించినవాడూ, దానికే దెబ్బ తిన్నవాడూ అయిన,
బంగార్రాజు.

తా.క. ఆ రొయ్య కుర్రాణ్ణి మాత్రం వెనక గదిలోనే ఉంచండి.

•

విశాఖపట్నం,
జూలై 11.

గౌరవనీయ శ్రీ బంగార్రాజు గారికి,

షర్మిల వ్రాయునది. మీ లేఖ అందినది.

మొదట చిన్న విషయం. కుమారి కీర్తి పచ్చ బొట్టు పెట్టుకోవటానికి మా సంస్థకు ఏ అభ్యంతరమూ లేదు. నుదుట పచ్చది, ఎర్రది, మెరుపులది, ఏ రంగు బొట్టైనా మా నియమావళి అనుమతిస్తుంది.

ఇక పెద్ద విషయం. ఎనభై ఏళ్ళు దాటిన ఒక మహిళ నాలుగు మండలాలలో ఇంటింటికీ తిరిగి మనుషులను పొడుస్తున్నదనీ, అందుకు బియ్యం కూడా వసూలు చేస్తున్నదనీ, పసిపిల్లలను సైతం విడువలేదనీ మీరు తెలియజేశారు. మీ సొంత మనవరాలిని మీరే దగ్గరుండి పొడిపించానని వ్రాశారు. ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. ఆమె నవ్వినదన్న వాక్యం మాత్రం రెండోసారి చదవలేకపోయాను. ఇంత జరిగినా ఊరిలో ఒక్కరూ ఫిర్యాదు చేయలేదా? మీరు రొయ్యకు ఫిర్యాదు చేసిన మనిషి.

మా శాఖ ఆ మార్కెట్టుకు దగ్గరలోనే ఉన్నది. సిబ్బంది భద్రత దృష్ట్యా మా సెక్యూరిటీ ఆఫీసరు రాము గారిని విచారణకు పంపుతున్నాము. ఆయన సైన్యంలో పదిహేడేళ్ళు పనిచేశారు. ఆయన వచ్చేంతవరకూ మీరు దయచేసి తలుపు గడియ పెట్టుకుని ఉండగలరు. కీర్తి గారి గాయం మానినదో లేదో తెలుపగలరు.

మీ కుటుంబ క్షేమం కోరుతూ,
షర్మిల.

తా.క. తవ్వెడు బియ్యం అనగా మనిషికా, ఇంటికా? రాము గారు రిపోర్టులో వ్రాయాలంటున్నారు.

•

చోడవరం,
జూలై 17.

అమ్మా షర్మిలా,

ఇకనుంచి గారు తీసేశాను. నువ్వు మా కీర్తి కంటే మహా అయితే పదేళ్ళు పెద్దదానివై ఉంటావు, తెలుగులో మాత్రం బాలవాడీలో ఉన్నావు.

పచ్చ బొట్టు కాదమ్మా, పచ్చబొట్టు. విడదీస్తే తిలకం, కలిపితే జన్మంతా పోనిది. దేముడమ్మ పొడిచేది కత్తితో కాదు, సూదులతో. నాలుగు సూదులు కట్టకట్టి, ఆకుపసరులో దీపం మసి కలిపి, చేతి మీద పేరో బొమ్మో పొడుస్తుంది. మానితే పచ్చగా తేలుతుంది. నీ ఉత్తరం మా అరుగు మీద చదివి వినిపిస్తే, వినడానికి వచ్చినవాళ్ళు ఇంకా ఇళ్ళకి వెళ్ళలేదు. టీలు పెట్టలేక మా ఆవిడ చస్తోంది. తలుపు గడియ ఎలా పెట్టమంటావు?

మీ అమ్మా నాన్నలది ఏ ఊరో గానీ, వాళ్ళ చేతులు ఒకసారి చూడు. చూశాక నాతో మాట్లాడు.

మా ఇంట్లో పచ్చబొట్టు షోకు కాదు. భక్తి. నాకు ఇరవై రెండో ఏట అమ్మవారు కలలోకి వచ్చింది. మర్నాడే కుడి ముంజేతి మీద "కనకదుర్గ" అని పొడిపించుకున్నాను. నలభై ఏడేళ్ళుగా ప్రతి శుక్రవారం మా ఆవిడ నా చేతికి పసుపు రాసి, కుంకం పెట్టి, హారతిచ్చి, కళ్ళకి అద్దుకుంటుంది. అమ్మవారిని ఎండకి పెట్టకూడదనే నేను మే నెలలో కూడా ఫుల్ చేతుల చొక్కా వేస్తాను. అది చూసి పెరిగిన పిల్ల కాబట్టి కీర్తి కూడా మణికట్టు మీద అదే పేరు, నా చేతి మీద అక్షరాల్లాగే, పొడిపించుకుంది. అమ్మవారి పేరు చూసి పిల్లని వెనక్కి పంపిన పాపం మీది.

మా ఆవిడ సంగతి కూడా విను. నిశ్చితార్థం మర్నాడు నా పేరు పొడిపించుకుంది. అప్పటికి నా మొహం కూడా సరిగ్గా చూడలేదు. బంగార్రాజు అని మొత్తం పొడిపించుకోవాలనే కూర్చుందట, నొప్పికి తట్టుకోలేక సగంలో లేచిపోయింది. అందుకే ఎడమ చేతి మీద "రాజు" అని మాత్రం ఉంటుంది. సగంలో లేస్తే "బంగా" అని కదా ఉండాలి అని నీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. రాజు అన్నది ముఖ్యం కదా, ముందు అది పొడవమన్నానంది. అంత ఆలోచన ఉన్న మనిషి.

మినహాయింపులు వద్దు అని నేను రాసిన మాట నాకే అడ్డం పెట్టకు. అది రొయ్యలకి రాసిన మాట. అమ్మవారికీ, మొగుడికీ వర్తించదు.

నీ చదువు చూసి జాలిపడుతున్న,
బంగార్రాజు తాత.

తా.క. రాము గారిని పంపితే పంపు. దేముడమ్మ ఎదురుగా కూర్చున్నప్పుడు చేతులు జేబులో పెట్టుకోమను.

•

విశాఖపట్నం,
ఆగస్టు 2.

గౌరవనీయ బంగార్రాజు తాతగారికి,

షర్మిల సిగ్గుతో వ్రాయునది. మీ లేఖ అందిన రోజే ఖరగ్‌పూర్‌లో ఉన్న మా అమ్మకు ఫోను చేశాను. ఆమె పది నిమిషాలు నన్ను తిట్టి, తరువాత వీడియోలో తన చెయ్యి చూపించారు. దానిని ఇంతకాలం నేను కాలిన మచ్చ అనుకున్నాను. దయచేసి మన్నించగలరు.

సంతోషకరమైన వార్త. మీ లేఖను ఛైర్మన్ గారి ముందు పెట్టాము. ఆయన కదిలిపోయారు. ముఖ్యంగా మీ శ్రీమతి గారి హారతి దగ్గర కళ్ళు తుడుచుకున్నారు. 14(ఎ) అనే కొత్త నియమం చేర్చటానికి ఒప్పుకున్నారు: "దైవనామం గానీ భర్త పేరు గానీ పచ్చబొట్టుగా ఉన్నవారికి 14వ నియమం వర్తించదు." ఉదాహరణగా మీ దంపతుల పేర్లే ఉంటాయి.

అయితే ఒక చిన్న ఇబ్బంది వచ్చినది. మీ లేఖ అందేలోపే రాము గారు చోడవరం వెళ్ళి విచారణ పూర్తి చేశారు. దేముడమ్మ గారికి చదువు లేకపోయినా పొడిచిన ప్రతి చెయ్యీ గుర్తున్నదట. మీ గురించి ఆమె చెప్పినది రాము గారు ఉన్నదున్నట్టు వ్రాసుకున్నారు:

"బంగార్రాజు బాబా? ఎందుకు గేపకం నేదు. అమ్మోరూ నేదు, గిమ్మోరూ నేదు. బుచ్చెయ్యపేట బస్సు కండట్రు గోరి గుంట, కనకదుర్గ. ఆ గుంట ఎక్కే బస్సు కోసరం ఈ బాబు రోజూ కాటా ఒగ్గీసి రోడ్డు మీద నిలబడీవోడు. పేరు పొడిపించుకుని, పుండు మానకుండా సూపించడానికెల్తే, ఆ గుంటకి అప్పటికే పెళ్ళైపోయి మాడుగుల ఎలిపోనాది. మల్లీ అదే పేరు మనవరాలికి పొడవమన్నాడు సూడండి, నవ్వాపుకోలేక సచ్చేను."

ఆడవారి పచ్చబొట్ల గురించి రాము గారు అడగగా, "అది నా నోట్లోంచి రాదు బాబూ" అని సూదులు మూటకట్టుకున్నారట.

కుమారి కీర్తి చేతి మీదున్నది మీ చేతి మీదున్న దానికి నకలు. కావున అసలు దైవనామమైతే నకలూ దైవనామం. అసలు కండక్టరు గారి అమ్మాయి అయితే నకలూ అదే అవుతుందని మా లీగల్ వారు అంటున్నారు. ఈ సందేహం తీరాలంటే, ప్రతి శుక్రవారం దానిని దగ్గర నుండి చూసిన వారు, అనగా మీ శ్రీమతి అచ్చియ్యమ్మ గారు, అది అమ్మవారి పేరేనని సంతకం చేసి పంపవలెను. ఆగస్టు 20 లోగా అందనిచో ఉద్యోగం రెండో స్థానంలో ఉన్న అభ్యర్థికి వెళుతుంది. ఇందులో నేను చేయగలిగినది ఏమీ లేదు.

సంతకం కోసం ఎదురుచూస్తూ,
షర్మిల.

తా.క. రాము గారు చేతులు జేబులో పెట్టుకోలేదు. విచారణ నుండి "చిన్నారి" అనే పచ్చబొట్టుతో తిరిగి వచ్చారు. అది తన తల్లిగారి పేరని అందరికీ చెబుతున్నారు, ఎవరూ నమ్మటం లేదు. తల్లి పేరు నియమంలో లేదు. ప్రస్తుతం ఆయన కూడా మీ చోడవరం కొట్టు వెనుక గదిలో సూర్యతేజతో కలిసి పెట్టెలు మడుస్తున్నారు.

•

చోడవరం,
ఆగస్టు 6.

తల్లీ, షర్మిలమ్మా,

బంగార్రాజు రెండు చేతులూ జోడించి రాస్తున్నాడు. రెండూ ఫుల్ చేతులే.

ఇలాంటి ఉత్తరం పంపేటప్పుడు కవరు మీద "స్వయంగా చదువుకోవలెను" అని రాయాలి కదమ్మా. అదృష్టం కొద్దీ పోస్టుమాన్ నా చేతికే ఇచ్చాడు. అరుగు మీద పదకొండు మంది చదవమని కూర్చున్నారు. మీ అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని రాశారు అని ఏదో చదివేశాను. మా అబ్బాయికి నలభై ఐదేళ్ళ వయసులో కొత్తగా ఉద్యోగం ఏమిటని ఇప్పుడు ఊరంతా అడుగుతోంది.

నీ దగ్గర దాచడం ఎందుకు, దేముడమ్మ చెప్పింది నిజం. కానీ నేను కావాలని అబద్ధం ఆడలేదు. పెళ్ళైన వారానికి మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని "ఇదేటి?" అంది. నోటికి అమ్మవారనే వచ్చింది. అన్నానో లేదో చటుక్కున దండం పెట్టేసింది. దండం పెట్టాక అమ్మవారిని కిందకి ఎలా దింపుతాను? తరవాతి శుక్రవారం పసుపు మొదలైంది. ఆ తరవాత హారతి. నలభై ఏడేళ్ళు హారతి పుచ్చుకున్నాక ఇప్పుడు కండక్టరు గారి అమ్మాయి అంటే ఈ ఇంట్లో నాకు అన్నం ఎవరు పెడతారు?

అలాగని ఊరుకుంటే కీర్తి హైదరాబాదు బస్సెక్కేస్తుంది. అది వెళ్ళిపోతే మా ఇద్దరికీ ఇంట్లో మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. అందుకని ఒక పని చేద్దాం. సంతకం కాగితం నేనే రాసి, గ్యాసు బుక్కు కాగితమని చెప్పి మా ఆవిడ చేత సంతకం పెట్టిస్తాను. నువ్వు ఇంకేమీ అడగకు. ఆ రిపోర్టు చింపేసెయ్. నీ ఉత్తరం బియ్యం డబ్బా కింద దాచాను, అక్కడ ఎవరూ చూడరు.

సూర్యతేజ మీద నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. తీరిగ్గా ఆలోచించాను. అది డ్రాగనే.

ఈ వయసులో నీ దయ మీద బతుకుతున్న,
బంగార్రాజు.

తా.క. ఆ మాడుగుల ఆవిడ ఇప్పుడు ఎలా ఉందో రాము గారు ఏమైనా రాసుకున్నారా? ఊరికే అడిగాను.

•

చోడవరం,
ఆగస్టు 12.

పెద్ద ఉజ్జోగం సేసుకుంటన్న షర్మిలమ్మకి,

నేను అచ్చియ్యమ్మని. నేను సెప్తన్నాను, మా కీర్తి రాస్తంది. నేనన్నది అన్నట్టే రాయమన్నాను, సొంతంగా ఇంగ్లీషు కలపొద్దన్నాను.

మీ ఉత్తరం బియ్యం డబ్బా కింద దొరికింది. ఈ ఇంట్లో బియ్యం తీసేది ఎవరో నలభై ఏడేళ్ళుగా ఆయనకి తెలీదు పాపం. కీర్తి సేత రెండుసార్లు సదివించుకున్నాను. మొదటిసారి సదివినప్పుడు గుంట భయపడి నా మొహం సూసింది. రెండోసారి సదివినప్పుడు తన మణికట్టు సూసుకుంది. నా మనవరాలి సేతి మీద కండట్రు గోరి అమ్మాయి ఎక్కి కూకుంది కదా అని నాకు ఒళ్ళు మండిపోనాది.

ఆయన్ని పిలిచేను. సొక్కా సెయ్యి పైకి మడవమన్నాను. మడిసేరు. "కనకదుర్గమ్మా, నీకెన్ని శుక్రవారాలు హారతిచ్చేనే, ఒక్కరోజైనా మాడుగుల హల్వా అంపించేవటే" అన్నాను. ఆయన ఏడిసినంత పని సేసేరు. అరుగు మీద మీసం తిప్పి ఊళ్ళో గుంటలందరికీ పేర్లెట్టే మనిషి, పిల్లిలాగ పెరట్లోకి ఎలిపోనారు. ఎవరో గుంటడు సేతి మీద బొమ్మేసుకుంటే ఆడి కూడు సెడగొట్టీదాకా నిద్రోనేదు, తన సేతి మీద బొమ్మకి మాత్రం నా సేత దీపం ఎట్టించేరు. పెద్ద మనుషులు.

మీకూ ఒక మాట సెప్పాలి. మీ కొట్టుకి గాజులు కొనడానికి ఒచ్చే మా ఊరి ఆడోళ్ళ సేతులు ఎప్పుడైనా సూసేరా? తేళ్ళు, సుక్కలు, పేర్లు, పచ్చబొట్టు నేని సెయ్యి ఒకటి సూపించండి. కొనే సేతికి ఉండొచ్చునా, అమ్మే సేతికి ఉండకూడదా? ఆ ఏసీ గదిలో కూకుని ఈ రూలు రాసినోళ్ళు ఎవరో గానీ, ఆళ్ళమ్మ సెయ్యి ఎప్పుడూ పట్టుకున్నోళ్ళు కాదు.

మీరు అడిగిన సంతకం ఎడతన్నాను. ఆయన గ్యాసు బుక్కుదని తెచ్చిన కాయితం అక్కర్నేదు, తెలిసే ఎడతన్నాను. మొగుడి పేరు నేను సెప్పకూడదు, కీర్తి రాసుకుంటది.

"శ్రీ బంగార్రాజు గారి కుడిచేతి మీదా, కుమారి కీర్తి కుడిచేతి మీదా ఉన్న కనకదుర్గ అనే పేరు అమ్మవారిదే. నలభై ఏడేళ్ళుగా ప్రతి శుక్రవారం పూజ చేసిన నేను సాక్షిని."

ఇంద, సంతకం. దేముడమ్మ సెప్పింది దేముడమ్మది, నేను సెప్పింది నాది. సోమారం పొద్దున్న కీర్తి మీ కొట్లో గాజుల దగ్గర నిలబడతాది. అమ్మోరు ఎవరైతే ఏటి, దణ్ణం ఎట్టిన సేతులు నావి. ఆ పుణ్యం నా మనవరాలికి రావాలి గానీ మాడుగుల ఎందుకు ఎల్లాలి?

సూర్యతేజని కూడా ముందుకి తీసుకురండి. ఆడి సేతి మీదున్నది రొయ్యా కాదు, ఆ ఇంకోటేదో కాదు. మత్స్యావతారం అని రాసుకోండి. దేవుడి కోటాలో ఎలిపోద్ది. మీ రాము గోరికి సెప్పండి, ఆళ్ళమ్మని ఒక్కపాలి కొట్టుకి తీసుకొచ్చి పేరు సెప్పించమని. నలుగురూ ఇంటారు, ఆయన పరువు దక్కుద్ది.

మీ అమ్మ సేతికి నా దణ్ణాలు సెప్పవలసినదిగా కోరుతూ,
అచ్చియ్యమ్మ.

తా.క. కళ్ళు సరిగ్గా ఆనకపోయినా ఈ నాలుగు ముక్కలూ నా సొంత సేత్తో కూడబలుక్కుని రాస్తన్నాను. కీర్తిని పాలకి అంపీసేను. ఆయన పెరట్లో గోంగూర పచ్చడి రుబ్బుతన్నారు, నెలరోజులు ఆయనే రుబ్బాలి. అంత తేలిగ్గా సంతకం ఎలాగెట్టేసిందా అని నీకు అనుమానం రావొచ్చు. నా ఎడమసేతి మీద రాజు అని ఉన్నాది కదా. నొప్పికి సగంలో లేసిపోయేనని ఆయనకి సెప్పేను. దేముడమ్మ సూదికి నేనెప్పుడూ జడవనేదు, సగంలోనూ లేవనేదు. ఆ పేరు అంతే. దేవరాపల్లిలో మా మేనత్త గోరి పక్కింటోళ్ళబ్బాయి. నిశ్చితార్థానికి రెండేళ్ళ ముందు మాట. ఆ తరవాత మా నాన్న మూడు సంబంధాలు తెస్తే వద్దన్నాను. నాలుగోది బంగార్రాజు అన్నారు. సగం కలిసింది కదా అని ఒప్పీసుకున్నాను.